దధీచిని అడిగిరి

మొన్న మాఘమాసమున హైదరాబాదులో మా మేనకోడలు పనిచేయు ప్రయోగశాలను చూడబోయినప్పుడు, ఆమె నాచేత చేతులు రెండుమార్లు కడిగించి, తెల్లని పొడుగు అంగీ తొడిగించి, ఒక చిన్న గదిలోనికి తీసికొనిపోయి, లోపల ఎల్లప్పుడు 37 డిగ్రీల వెచ్చదనము నిలిచియుండు ఇనుప పెట్టె తలుపు తెరచి, అరచేతిలో ఇమిడిపోవు బల్లపరుపు సీసా నొకదానిని బయటకు తీసెను. అడుగున పలుచగా గులాబిరంగు ద్రవము. దాని ప్రక్కనున్న మరియొక సీసాలో అదే ద్రవము పసుపుపచ్చకు తిరిగియుండెను. “నిన్ననే వీటికి మీడియా మార్చాల్సింది, మావయ్యా. ఆదివారమని రాలేదు. పాపం, ఆకలేసి రంగు మారిపోయింది చూడండి” అని ఆమె నొచ్చుకొనిన తీరు, పాడిపశువునకు వేళకు కుడితి పెట్టలేకపోయిన ఇల్లాలి తీరువలె నుండెను.

సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి చూచితిని. చెరువు ఎండినప్పుడు అడుగున బీటలువారిన ఒండ్రుపెళ్లలవలె, ఒకదాని నొకటి ఒరసికొని గాజును కరచుకొనియున్న కణములు; వాని నడుమ అక్కడక్కడ ఒకటి గుండ్రముగా ఉబ్బి, ముత్యమువలె మెరయుచున్నది. మెరయునది రెండుగా చీలుటకు సిద్ధమైనదట. రేపీపాటికి సీసాలోనివన్నియు రెట్టింపగునట. “ఎవరి వమ్మా ఇవి?” అని అడిగితిని. “హీలా, మావయ్యా. ఒకావిడ పేరులో ముక్క. ఆవిడ 1951లోనే పోయింది” అని చెప్పి, ఆమె తన పనిలో పడెను. నేను మాత్రము ఆ మాటను దాటి ముందునకు పోలేకపోతిని. పోయి డెబ్బది యేండ్లు దాటిన యొక స్త్రీ దేహమునుండి వచ్చినది నా కన్నులయెదుట చీలి, పెరిగి, ఆకలిగొనుచున్నది. అది ఎవరు? ‘ఎవరు’ అని అడుగవచ్చునా, ‘ఏమి’ అని మాత్రమే అడుగవలెనా?

ఆ స్త్రీ హెన్రియెట్టా లాక్స్. 1920 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి రోనోక్ పట్టణమున పుట్టి, నాలుగేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొని, క్లోవర్ అను పల్లెలో తాతగారియింట, పూర్వము నల్లజాతి బానిసలు కాపురముండిన దుంగల గుడిసెలో పెరిగి, పొగాకు చేలలో పనిచేసినది. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో వర్జీనియా పొగాకు పండించిన కుటుంబములవారికి ఆకుకోత యెట్టిదో, ఆకు జిగురు చేతులకు ఎట్లు పట్టుకొనునో నేను చెప్పనక్కరలేదు. పెండ్లియైన పిదప భర్తకు ఉక్కు కర్మాగారమున పని దొరకగా బాల్టిమోరు దాపునకు తరలివచ్చి, ఆమె అయిదుగురు బిడ్డల తల్లియయ్యెను. తనలోపల ఏదో ముడి యున్నట్లున్నదని చుట్టములైన ఆడువారితో చెప్పుకొని, కడపటి కాన్పు జరిగిన కొన్ని మాసములకే, 1951 జనవరి 29వ తేదీన, నల్లవారికి వైద్యము చేయు బహుకొద్ది ఆసుపత్రులలో నొకటియైన జాన్స్ హాప్‌కిన్స్‌కు ఆమె పోయెను. అక్కడ సైతము నల్లవారి వార్డు వేరు. మన పెద్దలు రాచపుండనియు పుట్టకురుపనియు పేరు చెప్పుటకే వెఱచిన జబ్బు ఆమె గర్భాశయ ముఖద్వారమున కనబడెను.

రేడియం చికిత్సకై ఆమెకు మత్తిచ్చి పడుకొనబెట్టిన సమయమున, శస్త్రవైద్యుడు చిన్న నాణెమంతేసి కండముక్కలు రెండు కోసి తీసెను: ఒకటి పుండునుండి, ఒకటి దాని ప్రక్కనే యున్న ఆరోగ్యమైన భాగమునుండి. చికిత్సకు ఒప్పుకొనుచు ఆమె ఒక కాగితముపై సంతకము చేసియుండెను గాని, ఆ ముక్కల ప్రసక్తి దానిలో లేదు. నోటిమాటగానైనను ఆమెతో ఎవరును చెప్పలేదు. అవి మనుష్యకణములను దేహము వెలుపల బ్రతికించుటకు చిరకాలముగా పాటుపడుచుండిన జార్జి గే అను శాస్త్రజ్ఞునికి చేరెను. ఆయన సహాయకురాలు మేరీ కుబిచెక్ ఆ ముక్కలను సన్నముగా కోసి, గాజుగొట్టములలో నాటి, రోగి పేరునుండి కొంత, ఇంటిపేరునుండి కొంత తీసి పైన గుర్తు వ్రాసెను. అదియే హీలా; తెలుగున వ్రాసినచో రెండక్షరములు. కొలది దినములలో ఆరోగ్యమైన ముక్కలోని కణములన్నియు చచ్చిపోయెను. పుండులోని కణములు మాత్రము దినమునకు రెట్టింపగుచు, గొట్టములు నిండి, మరి గొట్టములు నిండి, ఆగలేదు. ఆ యేడే అక్టోబరు 4వ తేదీన, తన ముప్పది యొకటవ యేట, హెన్రియెట్టా మరణించెను.

శవపరీక్ష జరుగుచుండగా మరికొన్ని ముక్కలు తెచ్చుటకు పంపబడిన కుబిచెక్, చనిపోయిన మనిషి ముఖము చూచుటకు ధైర్యము చాలక చూపు పాదములవైపునకు త్రిప్పుకొనగా, కాలిగోళ్లపై అక్కడక్కడ పెచ్చులూడిన ఎఱ్ఱరంగు కనబడినదట. ఇన్నాళ్లు తాను గొట్టములలో పెంచుచుండినది, ఒకనాడు కాళ్లు ముడుచుకొని కూర్చుండి ఓపికగా గోళ్లకు రంగు వేసికొనిన యొక స్త్రీ కండయని ఆ క్షణముననే ఆమెకు తోచినదట. ఈ వృత్తాంతమంతటిలో నన్ను విడువక వెంటాడునది ఆ ఎఱ్ఱరంగే.

తరువాతి కథ లోకవిదితము, క్లుప్తముగా చెప్పెదను. పోలియో టీకా ఫలితమును కొలుచుటకు ఆ కణములు కోట్లుగా కావలసివచ్చినప్పుడు, అలబామా రాష్ట్రమందలి టస్కీగీ విద్యాలయమున నల్లజాతి శాస్త్రజ్ఞులే వానిని పెంచి దేశమంతటికి పంపిరి. అవి అంతరిక్షమునకు పోయినవి. మందుల గుణదోషములు, రేడియోధార్మిక కిరణముల హాని, వైరస్‌ల నడక, ఇట్లు వానిమీద పరీక్షింపని దనదగినది జీవశాస్త్రమున అరుదు. వాని నాధారముగా గొని వెలువడిన పరిశోధనపత్రములు లక్షకు మించినవి.

ఇప్పుడు నా ప్రశ్నకు వచ్చెదను. ఈ కణములను శాస్త్రజ్ఞులు ‘అమరము’లందురు. మామూలు మనుష్యకణము దేహము వెలుపల సుమారు 50 మార్లు చీలి ఆగిపోవునని 1961లో హేఫ్లిక్ అను పండితుడు చూపెను. చీలినప్పుడెల్ల క్రోమోజోముల కొనలు దారపు కొన అరిగినట్లు అరుగుచుండును. అరుగుట ఒక మేర దాటినచో కణము ఇక చీలదు. హీలా కణము ఆ కొనలను తిరిగి తిరిగి అల్లుకొను శక్తిని పట్టుకొన్నది. దానిలో జొరబడిన వైరస్ కావలికాయు ప్రోటీనులను నిద్రపుచ్చినది. కనుక అది చావు నెఱుగదు. అమరత్వమనగా మనము క్షీరసాగరమథనమును తలతుము, అమృతకలశమును తలతుము. కాని ఒక్క క్షణము నిలిచి ఆలోచింపుడు. తల్లిగర్భమున శిశువు చేయి మొదట చిన్న తెడ్డువలె నుండును. వ్రేళ్లనడుమ నుండవలసిన సందులలోని కణములు వేళకు తమంత తాము చచ్చిపోవుటచేతనే అది అయిదు వ్రేళ్ల చేయి యగును. మన చేతులు కణముల మరణముచే చెక్కబడినవి. దేహమనునది వేళకు పుట్టి, తన పని చేసి, వేళకు తొలగిపోవు అసంఖ్యాక జీవుల కాపురము. ఆ కాపురపు ధర్మమును మరచి ‘నేను చావను’ అని భీష్మించుకొనిన కణమునకే కాన్సరని పేరు. నచికేతుడు యముడు చూపిన దీర్ఘాయువును ఏల కాదనెనో చిన్ననాడు చదువుకొనునప్పుడు నాకు బోధపడలేదు. ఆ గదిలో సూక్ష్మదర్శిని ముందు కొంత బోధపడినది.

హీలా కణముల అమరత్వమునకు మన పురాణములలో సాటి వెదకినచో అమృతము త్రాగిన దేవతలు పనికిరారు, అశ్వత్థామ పనికివచ్చును. శ్రీకృష్ణుని శాపముచే చీము నెత్తురుల దుర్గంధముతో, ఒంటరిగా, మూడువేల యేండ్లు తిరుగవలసిన వానిది వరముగా వచ్చిన చిరంజీవిత్వము కాదు. ఇచ్చట అంతకంటె విపరీతము జరిగినది. మనిషి పోయి పుండు చిరంజీవియైనది. ఆమె దేహమున ఆరోగ్యముగా నున్నదంతయు చచ్చిపోయి, ఆమెను చంపినది మాత్రము బ్రతికియున్నది. ‘ఆమె తన కణములలో జీవించియున్నది’ అని పత్రికలు వ్రాయునప్పుడు నాకు గుండె కలుక్కుమనుట అందుచేతనే.

కాని ఆమె బిడ్డలు అట్లే నమ్మిరి. తల్లి కణములు బ్రతికియున్నవన్న సంగతి వారికి తెలిసినది 1973 ప్రాంతమున, అనగా ఆమె పోయిన ఇరువది రెండేండ్లకు. అదియును చెప్పవలెనని చెప్పినందువలన కాదు. ప్రయోగశాలలలో హీలా కణములు ఇతర కణములతో కలిసిపోగా, వేరుపరచుటకు గుర్తులు కావలసి, పరిశోధకులు బిడ్డల నెత్తురు అడుగవచ్చిరి. తల్లికి వచ్చిన జబ్బు తమకున్నదేమోనని పరీక్షించుచున్నారని కూతురు డెబొరా భ్రమపడి, ఫలితముల కొరకు భయముతో ఎదురుచూచెను. తరువాతి కాలమున బైబిలు చదువుకొను ఆ కుటుంబము, రోగులను కాపాడుటకు దేవుడు తల్లికి నూతనశరీరము నిచ్చెనని విశ్వసించినది. 1991లో ఒక జీవశాస్త్రజ్ఞుడు ఈ కణములు ఇక మనుష్యజాతివే కావనియు, వేరొక జాతిగా పేరిడవలెననియు వాదించెను. వీరికి అమ్మ, వానికి మనుష్యకణమే కాదు. సత్యము ఎవరిది?

మన వేదాంతమును ఆశ్రయించి ఇచ్చట ఒకరు సులభముగా తప్పించుకొనవచ్చును. శరీరము ఆత్మ కాదు. క్షేత్రము వేరు, క్షేత్రజ్ఞుడు వేరు. విడిచిన వస్త్రమునుండి ఒక పీలిక తీసికొన్నచో తొడిగినవానికి వచ్చిన నష్టమేమి? ఈ వాదమును నేను విద్వాంసుల నోటనే వింటిని. వినుటకు నిర్దుష్టముగా నుండును. కాని నేను మా అమ్మ అస్థిసంచయనము చేసినవాడను. తెల్లవారుజామున శ్మశానమునకు పోయి, చల్లారిన బూడిదపై పాలు చిలికించి, పురోహితుడు చెప్పిన ప్రకారము పాదములవైపునుండి మొదలుపెట్టి తలవరకు ఒక్కొక్క అస్థిని ఏరి క్రొత్త కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి, ఇంటిలోనికి తేరాదు కనుక ఊరిబయట చెట్టుకొమ్మకు వ్రేలాడదీసి, మరునాడు రాజమహేంద్రవరమున గోదావరిలో కలిపితిని. మొదట చేతికి వచ్చినది కాలివ్రేలి యెముక, చిక్కుడుగింజంత. అది మా అమ్మ కాదని నాకు తెలియును. అయినను దానిని నేలమీద జారవిడువకుండుటకు నా చేయి ఎంత వణకెనో నాకు తెలియును. దేహము ఆత్మ కాదని లోకమునకు బోధించిన ఈ సంప్రదాయమే కాలిన యెముకను సైతము పాదములనుండి వరుసగా, పాలతో తడిపి ఏరుమని విధించినది. ఆ రెండు మాటలను విడదీసి, మొదటిదానిని మాత్రము పట్టుకొని రెండవదానిని విడుచువానిది వేదాంతము కాదు, చేతివాటము.

ఆ యెముకతో నాకు గల సంబంధము అది మా అమ్మ అగుటచేత ఏర్పడినది కాదు. అది ఆమెది అగుటచేత ఏర్పడినది. కనుక హీలా కణములలో హెన్రియెట్టా ఆత్మ యున్నదా లేదా అను విచారమును పండితులకు విడిచిపెట్టెదను. అది తేలకున్నను మనకు లోటు లేదు. అవి ఆమెవి అను మాటను మాత్రము ఎవరును కాదనలేరు. ఆమెవి యైనప్పుడు అడుగవలసియుండెను.

‘అడిగియున్నచో ఆమె కాదనునా? లోకోపకారము కదా’ అందురు. కాదనకపోవచ్చును. కాని వృత్రాసురుని చంపుటకు వజ్రాయుధము కావలసివచ్చినప్పుడు దేవతలు ఏమి చేసిరో జ్ఞాపకము తెచ్చుకొనుడు. మూడులోకముల క్షేమము ఒకవైపు, ఒక ముని వెన్నెముక ఒకవైపు. వారికి శక్తి లేకపోలేదు; దధీచి తపోనిష్ఠలో నుండగా కొనిపోవచ్చును. కాని ఇంద్రుడంతటివాడు ఆ ముని ఆశ్రమమునకు నడచివచ్చి, చేతులు జోడించి, నోరు తెరచి అడిగెను. దధీచి ఔనని పలికి, తానై ప్రాణములు విడిచిన తరువాతనే ఎముక తీసికొనిరి. శిబి తొడకండ కోసి త్రాసులో వేసినది, జీమూతవాహనుడు గరుత్మంతుని యెదుట కూర్చుండినది, స్వేచ్ఛచేత. దానమనగా ఇచ్చువాని చేతినుండి బయలుదేరునది. చేయి లేని దానము లేదు. తీసికొన్నది ఎంత మంచి పనికి వినియోగపడినను, తీసికొనిన తరువాత పుట్టిన పుణ్యము వెనుకకు పోయి ఆ తీసికొనుటను దానముగా మార్చజాలదు.

న్యాయముగా చెప్పవలసినది కొంత కలదు. ఆనాడు రోగినుండి తీసిన ముక్కకు అనుమతి కోరవలెనను చట్టము అమెరికాలో లేదు. జార్జి గే ఆ కణములతో ధనము గడింపలేదు. అడిగినవారికెల్ల ఊరక పంచెను. తానును కాన్సరుతోనే 1970లో మరణించెను. ఆయనను దుర్మార్గుడని నేననను. కాని ఆయన పంచిన కణములను కంపెనీలు సీసాలలో పోసి అమ్ముచుండగా, ఆమె బిడ్డలలో వైద్యమునకు బీమాయైన లేనివారుండిరి. ఆమె సమాధిపై 2010 వరకు పేరు చెక్కిన రాయి లేదు. 2013లో ఆమె కణముల జన్యుక్రమమంతయు కుటుంబమునకు తెలియకుండ మరల ప్రకటింపబడినప్పుడు, అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలవారు ఆ కుటుంబముతో కూర్చుండి మాటలాడి, ఆ సమాచారము నెవరికి ఇయ్యవలెనో నిర్ణయించు సంఘమున ఇద్దరు లాక్స్ వంశీయులకు చోటిచ్చిరి. నాకు తెలిసినంతలో ఆ యింటివారిని అడిగి, బదులు కొరకు నిలిచిన మొదటి సందర్భము అది. 62 సంవత్సరములు పట్టినది.

ఇది దూరదేశపు కథయని పాఠకులు పుస్తకము మూయకుందురుగాక. 1984లో జర్మనీ దేశస్థుడు హరాల్డ్ సుర్ హౌసెన్ బృందము గర్భాశయ ముఖద్వార కాన్సరునుండి పాపిల్లోమా వైరస్ 18వ రకమును వెలికితీసి, అది హీలా కణములలో కూడ నున్నదని చూపెను. ఆ మార్గముననే పిదప టీకా వచ్చినది. ఆయనకు 2008లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ టీకా 2009లో మన ఖమ్మం జిల్లాకు వచ్చెను. ఒక విదేశీసంస్థ ప్రభుత్వముల సహకారముతో నడపిన కార్యక్రమమున పది మొదలు పదునాలుగేండ్ల లోపు బాలికలకు దానిని వేసిరి. వారిలో వసతిగృహములలో నుండి చదువుకొను గిరిజన బాలికలు అనేకులు. తల్లిదండ్రులు సంతకము చేయవలసిన చోట పెక్కు కాగితములపై వార్డెన్లును, ప్రధానోపాధ్యాయులును సంతకములు చేసిరని తరువాత తేలెను. కొందరు బాలికల మరణములపై ఆందోళన లేవగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమమును ఆపిరి. ఆ మరణములకు టీకా కారణమని తేలలేదు. ఆ టీకా మేలైనదనియే నేను నమ్ముదును, మన ఆడబిడ్డల కందరికి అందవలెననియు కోరుదును. అయినను 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఆ సంతకముల విషయమై చేసిన విమర్శ తీవ్రమైనది. బాల్టిమోరులో ఒక నల్లజాతి తల్లినుండి అడుగక తీసికొన్న కండ తోడ్పడిన జ్ఞానము, అర్ధశతాబ్దము దాటినపిదప మందై తిరిగివచ్చి, భద్రాచలపు మన్యమున తల్లుల నడుగకయే పిల్లల భుజములలోనికి దిగినది. రెండుచోట్లను మంచి చేయుచున్నామన్న నమ్మకమే ఉండెను. రెండుచోట్లను అడుగబడనివారు పేదవారు.

మా మేనకోడలికి ఇదంతయు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడక, పసుపుపచ్చబారిన ద్రవమును తీసివేసి, క్రొత్తది పోసి, సీసాను పెట్టెలో పెట్టి తలుపు మూసెను. “నాకు ఆవిడ పూర్తి పేరు తెలియదు, మావయ్యా” అనెను. ఆమె తప్పు కాదు, ఎవరును చెప్పలేదు. జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయులారా, విద్యార్థి చేతికి మొదటిసారి ఆ సీసా నిచ్చునాడు ఆ పేరు పూర్తిగా పలుకుడు.

ఇతరులకు నా మనవి వేరొకటి. ఆసుపత్రి బల్లయొద్ద ఇంగ్లీషు కాగితము ముందు పెట్టి ‘ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా’ అని తొందరపెట్టునప్పుడు, మీరు చదువుకొన్నవారైనచో మీ కొరకును, వెంట వచ్చిన చదువురాని చుట్టము కొరకును నిలిచి, ‘తీసికొన్నది పరిశోధనకు పోవునా? ఎవరికి పోవును? తెలుగులో చదివి వినిపించండి’ అని అడుగుడు. పరిశోధనలో పాల్గొనువానికి తెలిసిన భాషలో విషయము చెప్పి సమ్మతి తీసికొనవలెనని, భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నియమావళిలో వ్రాసియున్నది.